సైన్ మీట వెనుక కథ

కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లోకి 1819లో జార్జ్ ఎవరెస్ట్ అనే యువ సైనికాధికారి కోణాలు కొలిచే థియొడొలైట్ మోయించుకుంటూ వచ్చాడు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వేను ముందుకు తీసుకెళ్లడం అతని పని. వానాకాలం జ్వరాలు ఆ బృందాన్ని మంచాన పడేశాయి. కోలుకోవడానికి ఎవరెస్ట్ 1820లో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లాల్సి వచ్చింది. అడవిలో వాళ్లు కొలిచింది చాలావరకు కోణాలే. ఆ కోణాల్లోంచి దూరాలు రాబట్టే అసలు చాకిరీ లాగ్ టేబుళ్ల ముందు కూర్చుని, కాగితం మీద, కలంతో జరిగేది. రాధానాథ్ సిక్దార్ అనే గణితజ్ఞుడు 1831లో నెలకు 30 రూపాయల జీతానికి ఆ సర్వేలో చేరింది ఇలాంటి లెక్కలు కట్టడానికే.

ఆ లెక్కల అవసరం ఈ నేలను ఆ తర్వాత కూడా వదల్లేదు. 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టాడు, సింగరేణి గనులు వచ్చాయి. భూగర్భ గనిలో సర్వేయరుకు సూర్యుడూ కనపడడు, కొండగుర్తూ కనపడదు. పొడవు, కోణం, వాటి మీద కట్టిన లెక్క, ఇవే అతనికి దిక్కు. ఆ లెక్క తప్పితే ఒక సొరంగం వెళ్లి నీళ్లు నిండిన పాత పనుల్లోకి పొడుచుకోవచ్చు. కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్ 1970ల్లో పుట్టింది ఈ చదువు కోసమే. 2025లో అదే మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం అయింది.

ఒక చిన్న లెక్క చూద్దాం. గనిలో ఒక గీత పొడవు 86.4 మీటర్లు, ఉత్తరం నుంచి తూర్పుకు 37 డిగ్రీల 20 నిమిషాల కోణంలో ఉంది. అది తూర్పుకు ఎంత జరిగినట్టు? 86.4ను ఆ కోణం సైన్‌తో గుణించాలి. లాగ్ టేబుల్ రోజుల్లో ముందు 86.4కు లాగ్ వెతకాలి: 1.9365. తర్వాత వేరే పేజీలో లాగ్ సైన్ చూడాలి: బార్ 1.7828, అంటే మైనస్ 1 ప్లస్ 0.7828. రెండూ కూడితే 1.7193. దానికి యాంటీలాగ్ చూస్తే 52.40. మూడు పేజీలు తిప్పాలి, మీన్ డిఫరెన్స్ గడిలో కంటిని ఒక్క వరుస కూడా జారనివ్వకూడదు. అయినా నాలుగంకెల ఖచ్చితత్వమే దక్కుతుంది. ఇలాంటి గీతలు ఒక సర్వేలో పదుల సంఖ్యలో ఉంటాయి. ప్రతిదానికీ సైన్‌తో ఒకసారి, కాస్‌తో ఒకసారి గుణించాలి. ఇంజనీర్ల జేబులో స్లైడ్ రూల్ ఉండేది కానీ దాంతో మూడంకెలు దాటి నమ్మకంగా చదవడం కష్టం.

ఇదే లెక్క ఈరోజు పాలిటెక్నిక్ పిల్లాడి చేతిలో కొన్ని మీటల పని. 52.397 అని వెంటనే తెర మీద పడుతుంది.

అలాంటి జేబు యంత్రం మొదటిది 1972లో వచ్చింది. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీకి అంతకు నాలుగేళ్ల ముందే బల్ల మీద పెట్టుకునే పెద్ద లెక్కల యంత్రం ఒకటి ఉండేది. దాన్ని చొక్కా జేబులో పట్టేంత చేయమని బిల్ హ్యూలెట్ అడిగాడు. అలా వచ్చిన దానికి 35 మీటలు ఉన్నాయి కాబట్టి హెచ్‌పీ-35 అని పేరు పెట్టారు. ధర 395 డాలర్లు. అప్పటి మారకం రేటులో దాదాపు 3 వేల రూపాయలు. కొత్తగూడెంలో గని కార్మికుడి కొడుక్కి ఆ యంత్రం కలలోకి కూడా వచ్చి ఉండదు. అందులో ఒక లోపం బయటపడిన తీరు నాకు ఎంతో నచ్చుతుంది. 2.02కు సహజ లాగ్ తీసి, దాన్ని మళ్లీ వెనక్కి తిప్పితే 2.02 రావాలి, ఆ యంత్రం 2 చూపించింది. కంపెనీ ఆ తప్పును దాచలేదు, మార్చి ఇస్తామని కొన్నవాళ్లకు చెప్పింది. ఎంత ఖరీదైన యంత్రమైనా లెక్క తప్పగలదు, సరిచూసుకునే బాధ్యత మనదే అని మొదటి తరంలోనే తేలిపోయింది.

అంత చిన్న యంత్రానికి సైన్ ఎలా తెలుస్తుంది? లోపల పట్టిక దాచుకుంటుందని చాలామంది అనుకుంటారు. హెచ్‌పీ-35 లోపలి ప్రోగ్రామంతా 768 ఆదేశాలే. అందులో పట్టికలకు చోటెక్కడిది? దాని ఉపాయం ఒక యుద్ధవిమానం కోసం పుట్టింది. బి-58 బాంబర్ దారి చూపే పరికరం కోసం జాక్ వోల్డర్ 1956లో ఆలోచించి 1959లో ప్రచురించిన ఆ పద్ధతి పేరు కార్డిక్. గుణకారాలు లేకుండా కూడికలు, తీసివేతలు, అంకెలను పక్కకు జరపడం, వీటితోనే సైన్ తేల్చేస్తుంది.

ట్యాన్ విలువ 1, అందులో సగం, దానిలో సగం, ఇలా తగ్గుతూ పోయే కోణాలు ముందే తీసి పెట్టుకుంటుంది: 45, 26.57, 14.04, 7.13, 3.58, 1.79, ఇలా. 30 డిగ్రీలకు సైన్ కావాలంటే మొదట 45 తిరుగుతుంది. ఎక్కువైంది కాబట్టి 26.57 వెనక్కి వస్తుంది, 18.43 దగ్గర ఆగుతుంది. తక్కువైంది, 14.04 ముందుకు: 32.47. వెనక్కి 7.13: 25.35. ముందుకు 3.58: 28.92. ముందుకు 1.79: 30.71. ఇలా అటూ ఇటూ ఊగుతూ పోనుపోను 30ను ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. ప్రతి అడుగులో తిరిగే గీత కొస బిందువు స్థానాన్ని కూడా కూడికలతోనే దిద్దుకుంటూ పోతుంది కాబట్టి, చివరికి నిలిచిన బిందువు నిలువు కొలతే సైన్, అడ్డం కొలతే కాస్. తిప్పడంలో పొడవు ఒక స్థిర నిష్పత్తిలో పెరుగుతుంది, దాన్ని మొదటే 0.60725తో సరిచేసి పెట్టుకుంటారు. హెచ్‌పీ వాళ్లు దశాంశ లెక్కకు అనువుగా సగానికి బదులు పదో వంతుల్లో అడుగులు వేశారు. పట్టిక అంటే కొన్ని కోణాలే. ఈ సంగతి మన ఇంటర్ పాఠంలో ఒక పేజీ ఉంటే త్రికోణమితి అంటే భయపడే పిల్లలు సగమవుతారని నా గట్టి నమ్మకం.

ఉపాయం తెలిశాక ధర పడిపోవడం ఎంతసేపు? టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఎస్ఆర్-50 1974లో 170 డాలర్లకు వచ్చింది, 1976లో టీఐ-30 కేవలం 24 డాలర్ల 95 సెంట్లకు వచ్చింది. నాలుగేళ్లలో ధర పదహారో వంతుకు దిగింది. అమెరికాలో పేరుమోసిన స్లైడ్ రూల్ కంపెనీ అదే ఏడాది తయారీ ఆపేసింది. జపాన్‌లో కషియో అన్నదమ్ములు నలుగురు 1957లోనే 342 రిలేలతో 140 కిలోల లెక్కల యంత్రం చేశారు. వాళ్ల కంపెనీ కాసియోయే తర్వాత మన కాలేజీల బల్లల మీదకు చేరింది.

ఇక కొనే సంగతి. ఖమ్మం పుస్తకాల షాపులో ఇంటర్ మొదటి ఏడాది పిల్లవాడితో వచ్చిన తండ్రి, పెద్దదే ఇవ్వండి సార్, చదువుకు పనికొస్తుంది అనడం మామూలు. ఆగండి. ఈఏపీసెట్‌కు, జేఈఈ మెయిన్‌కు కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు. గేట్‌లో తెర మీదే ఒకటి ఇస్తారు. అంటే ఇంటర్ ఎంపీసీ విద్యార్థికి ఆ డబ్బు ఇప్పుడే పెట్టాల్సిన పని లేదు. వాళ్లకు చేత్తో లెక్క వేగంగా చేయడమే కావాలి. అసలు అవసరం డిప్లొమా, బీఎస్సీ, బీటెక్ వాళ్లది. యూనివర్సిటీ పరీక్షల్లో సాధారణంగా ప్రోగ్రామ్ రాయలేని సైంటిఫిక్ కాలిక్యులేటర్‌కే అనుమతి ఉంటుంది, కొనేముందు కాలేజీలో ఒకసారి అడిగి రావాలి.

డిప్లొమాకు, గణితం బీఎస్సీకి కాసియో ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్ లాంటిది చాలు. 240 ఫంక్షన్లు, రెండు వరుసల తెర. సివిల్, మైనింగ్ పిల్లలు తప్పక చూడాల్సింది డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు నేరుగా కొట్టే మీట. అది లేకుంటే సర్వేయింగ్ లెక్కల్లో ప్రతి కోణాన్నీ దశాంశంలోకి మార్చుకుంటూ చావాలి. కాంప్లెక్స్ సంఖ్యలు రోజూ తగిలే ఎలక్ట్రికల్ విద్యార్థికి, మాత్రికలు, సమీకరణాలు, సమాకలనం కావాల్సినవాళ్లకు ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్ మంచిది, 401 ఫంక్షన్లు. పుస్తకంలో రాసినట్టే భిన్నాలు, వర్గమూలాలు చూపించే ఈఎస్ రకాల ధర ఇంకా ఎక్కువ. చూడ్డానికి హాయిగా ఉంటుంది నిజమే కానీ ఖరీదు ఎక్కువ పెడితే సైన్ ఇంకాస్త సరిగ్గా ఏమీ రాదు.

చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలకు ఇంకో లెక్క ఉంది. 82ఎంఎస్ గోడ గడియారంలో వేసేలాంటి పెన్సిల్ సెల్‌తో నడుస్తుంది, అది ఊళ్లో ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. 991 రకాల్లో బిళ్ల సెల్ ఉంటుంది, సౌర పలక తోడుంటుంది. బిళ్ల సెల్ అయిపోతే దాని కోసం భద్రాచలం వచ్చి వాచీ షాపు వెతకాలి.

షాపులోనే మూడు పరీక్షలు పెట్టండి, నకిలీ సరుకు చాలావరకు అక్కడే దొరికిపోతుంది. సైన్ 30 కొట్టండి. 0.5 వస్తే యంత్రం డిగ్రీల్లో ఉంది. మైనస్ 0.988 వస్తే రేడియన్లలో, 0.454 వస్తే గ్రేడియన్లలో ఉంది. తెర మీద డి, ఆర్, జి అక్షరాలు చిన్నగా కనపడతాయి. పరీక్షలో మొత్తం పేపరు ఆర్‌లో రాసి వచ్చి ఏడ్చిన పిల్లల్ని నేను చూశాను. రెండోది: 1ని 3తో భాగించి, వచ్చినదాంట్లోంచి 0 పాయింట్ తర్వాత పది మూళ్లు తీసేయండి. సున్నా కాక ఎంతో చిన్న సంఖ్య మిగిలితే తెరమీద కనపడని అంకెలు లోపల దాచుకున్నట్టు, అది మంచి గుర్తు. మూడోది: డిగ్రీల్లో ఉంచి 9కి సైన్, దానికి కాస్, దానికి ట్యాన్, వెంటనే ఆ ట్యాన్ ఇన్వర్స్, కాస్ ఇన్వర్స్, సైన్ ఇన్వర్స్. తిరిగి 9 రావాలి. ఎంత దూరం జరిగితే లోపలి లెక్క అంత పలచన.

కొన్నాక మొదటి రోజే ఇది చేయండి. 1 కొట్టి ఈక్వల్ నొక్కండి. తర్వాత బ్రాకెట్‌లో ఆన్స్ ప్లస్ 2 బై ఆన్స్, బ్రాకెట్ మూసి 2తో భాగించండి. ఈక్వల్ నొక్కుతూ పొండి: 1.5, 1.416666667, 1.414215686, 1.414213562. ఇంకెన్నిసార్లు నొక్కినా కదలదు, రెండు వర్గమూలం అదే. బీఎస్సీలో న్యూటన్-రాఫ్సన్ పద్ధతి పాఠం ఆ నాలుగు నొక్కుల్లోనే ఉంది. అన్నిటికంటే తక్కువ ధర యంత్రం కూడా ఇది చేస్తుంది.

షెడ్యూల్డ్ తెగల విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు చదువు ముగిసేదాకా వాడుకోనిచ్చే బుక్ బ్యాంక్ పథకం ఎప్పటినుంచో ఉంది. ఆ బీరువాలోనే ఒక అరలో కాలిక్యులేటర్లు పెట్టాలి. డిప్లొమాలో చేరినప్పుడు ఇచ్చి, మూడేళ్లయ్యాక తీసుకుని, సెల్ మార్చి తర్వాతి పిల్లవాడికి ఇవ్వొచ్చు. మీటలు మెత్తగా ఉండి జాగ్రత్తగా వాడితే ఈ యంత్రాలు పదేళ్లయినా పనిచేస్తాయి.