16 జీబీ ర్యామ్ ఉన్నా లేటెక్ ‘మెమరీ చాలదు’ అంటోందా? అసలు సంగతి ఇదీ

థీసిస్ సబ్మిషన్ రేపు. కంపైల్ బటన్ నొక్కితే పీడీఎఫ్ రావట్లేదు. ‘టెక్ కెపాసిటీ ఎక్సీడెడ్, సారీ’ అని ఓ లైన్, పక్కనే ‘మెయిన్ మెమరీ సైజ్ = 5000000’. ఈ మెసేజ్ చూడగానే చాలామంది బ్రౌజర్ ట్యాబ్‌లు మూసేస్తారు, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తారు. కొందరైతే ర్యామ్ అప్‌గ్రేడ్ రేట్లు కూడా వెతుకుతారు. ఆగండి. మీ ర్యామ్‌కీ, ఈ ఎర్రర్‌కీ దాదాపు సంబంధం లేదు.

లేటెక్ వెనుక పనిచేసే ఇంజన్ పేరు టెక్ (టెక్నాలజీ ‘టెక్’ కాదు, ఇది వేరు). డొనాల్డ్ క్నూత్ దీన్ని 1970ల చివర్లో మొదలుపెట్టి, 1982లో మళ్లీ కొత్తగా రాశారు. అప్పటి పద్ధతి ప్రకారం ఏ పనికి ఎంత మెమరీ కావాలో ముందే ఫిక్స్ చేసేశారు. ఆయన ఒరిజినల్ కోడ్‌లో మెయిన్ మెమరీ 30,000 గడులు. ఇప్పుడు టెక్ లైవ్‌లో డీఫాల్ట్‌గా 50 లక్షలు. ఒక్కో గడి 8 బైట్లు అనుకుంటే మొత్తం 40 ఎంబీ! వాట్సాప్‌లో వచ్చే పెళ్లి వీడియో అంత. మీకు 16 జీబీ ఉన్నా, 64 జీబీ ఉన్నా ఆ గీత దాటి అది అడగదు.

మరి ఇన్నేళ్లుగా మార్చలేదేం అంటే, కావాలనే. క్నూత్ 1990లోనే ‘ఇక కొత్త ఫీచర్లు ఉండవు’ అనేశారు. బగ్స్ మాత్రం సరిచేస్తారు, ఒక్కోసారి వెర్షన్ నంబర్‌కి పై విలువలోని ఇంకో అంకె చేరుతుంది. ఇప్పటి నంబర్ 3.141592653. పాత ఫైల్ ఎప్పుడు కంపైల్ చేసినా అదే పేజీ రావాలన్నది ఆయన పట్టుదల. ఏటా యూఐ మార్చేసే ఫోన్ కంపెనీలు కాస్త నేర్చుకోవచ్చు.

సరే, ఇప్పుడేం చేయాలి? నెట్‌లో ఎక్కువగా దొరికే సలహా ‘కాన్ఫిగ్ ఫైల్‌లో మెయిన్ మెమరీ పెంచి, ఫార్మాట్లు మళ్లీ బిల్డ్ చేయి’. పనిచేస్తుంది కానీ, ముందు చూడాల్సింది అది కాదు. నిజంగా మెమరీ అయిపోయిందా, లేక ఏదో లూప్ తినేస్తోందా?

ఒక ఉదాహరణ. బొమ్మ నంబర్ ముందు ‘ఫిగ్’ అని రావాలని, ‘దఫిగర్’ అనే కమాండ్‌ని ‘ఫిగ్ దఫిగర్’ అని మళ్లీ డిఫైన్ చేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అది తనను తానే పిలుస్తుంది. ఫిగ్ ఫిగ్ ఫిగ్ అంటూ 50 లక్షల గడులూ నిండేదాకా ఆగదు. దీనికి మెమరీ పది రెట్లు పెంచితే ఎర్రర్ కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే. పాత కమాండ్‌ని ముందు ‘లెట్’తో వేరే పేరులో దాచి, కొత్త డెఫినిషన్‌లో ఆ పేరు వాడాలి. మెసేజ్‌లో ‘ఇన్‌పుట్ స్టాక్ సైజ్’ అని కనబడితే మరీ అనుమానించండి, చాలాసార్లు ఇలాంటి లూపే. నిన్నటిదాకా బాగా నడిచిన చిన్న ఫైల్ ఇవాళ మెమరీ చాలదంటే, చివరగా రాసిన మ్యాక్రో దగ్గరికే వెళ్లండి.

లూప్ లేకుండా నిజంగానే మెమరీ అయిపోయే కేసు ఎక్కువగా పీజీఎఫ్‌ప్లాట్స్‌లో వస్తుంది. సెన్సర్ డేటా 20,000 పాయింట్లు నేరుగా గ్రాఫ్‌లో పెడతారు. ప్రింట్‌లో నాలుగు అంగుళాల గ్రాఫ్‌కి అన్ని పాయింట్లు ఎందుకు? ప్రతి పదో పాయింట్ తీసుకుంటే గీత దాదాపు అలాగే ఉంటుంది. తగ్గించడం కుదరకపోతే కంపైలర్‌ని లువాలేటెక్‌కి మార్చండి. అది మెయిన్ మెమరీని అవసరాన్ని బట్టి సిస్టమ్ నుంచి తీసుకుంటుంది, మీ ర్యామ్ అప్పుడు పనికొస్తుంది. ఓవర్‌లీఫ్‌లో అయితే సెట్టింగ్స్‌లో కంపైలర్ మార్చుకోవచ్చు. కాకపోతే పీడీఎఫ్‌లేటెక్ కన్నా నెమ్మది. ఫ్రీ ప్లాన్‌లో కంపైల్ టైమ్‌కి లిమిట్ ఉంటుంది కాబట్టి, పెద్ద థీసిస్ అక్కడ ఇరుక్కోవచ్చు.

ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఎక్కువమందిని ఏడిపించేది మాత్రం ‘టూ మెనీ అన్‌ప్రాసెస్డ్ ఫ్లోట్స్’. పేజీలో చోటు దొరక్క వెయిటింగ్‌లో ఉన్న బొమ్మలు, టేబుల్స్ ఒకప్పుడు 18 మించకూడదు. 2015లో దాన్ని 52 చేశారు. అయినా రిజల్ట్స్ చాప్టర్‌లో ఎర్రర్ వస్తూనే ఉంది. ఎందుకంటే బొమ్మల వరుస తప్పకూడదన్నది లేటెక్ రూల్. పేజీలో పట్టని ఒక్క పెద్ద బొమ్మకి ‘ఇక్కడే పెట్టు’ అని హెచ్ ఆప్షన్ ఇచ్చారనుకోండి, అది కదలదు, దాని వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. రేషన్ షాపు క్యూలో మొదటివాడి వేలిముద్ర పడకపోతే ఎలా ఉంటుందో అలా. ముందు ఆ బొమ్మని వెతికి సైజు తగ్గించండి. తర్వాత సెక్షన్ల మధ్య ‘క్లియర్‌పేజ్’ గానీ, ప్లేస్‌ఇన్స్ ప్యాకేజీలోని ‘ఫ్లోట్‌బ్యారియర్’ గానీ పెడితే వెయిటింగ్ లిస్ట్ అక్కడికక్కడ ఖాళీ అవుతుంది.

లువాలేటెక్‌కి మారినా పోని లిమిట్ ఒకటుంది. ‘డైమెన్షన్ టూ లార్జ్’. టెక్‌లో ఏ పొడవైనా 16,384 పాయింట్ల లోపే, అంటే సుమారు 5.75 మీటర్లు. అంత పెద్ద కాగితం ఎవరూ వాడరు కానీ, టిక్‌జెడ్‌లో 20,000 అనే రీడింగ్‌ని నేరుగా కోఆర్డినేట్‌గా ఇస్తే గీత దాటినట్టే. డేటాని వెయ్యితో భాగించి, యాక్సిస్ మీద ‘వేలల్లో’ అని రాస్తే సరిపోతుంది.