స్కూటా, ఆటా?

సంక్రాంతికి అత్తగారింట్లో 101 రమ్మీ. మొదట అవుటైనవాళ్లు అందరికీ సినిమా టికెట్లు కొనాలి. నా కౌంట్ అప్పటికే 62. చేతిలో ఒక జోకరు, ఆఠీను 7, 8. లైఫ్ లేదు.

“ఏం అల్లుడుగారూ, స్కూటా?” అన్నారు చినమామయ్య.

స్కూట్ చేస్తే 20 కలిసి 82. ఆ తర్వాత ఇంకో స్కూట్‌కి చోటుండదు. పోనీ ఆడితే? ముక్క తీశాక మిడిల్ స్కూట్ 40 కదా, 102! అదే 60 మీదుంటే రెండు దారులూ ఉండేవి. ఆ రెండు పాయింట్లే నా కొంప ముంచాయి. లైఫ్ పడకుండా ఎదుటివాళ్లు షో చేస్తే చేతిలో ముక్కలన్నీ లెక్కకొస్తాయి, 80 దాకా.

స్కూట్ చేసేశాను. మూడో రౌండులోనే బావమరిది షో! హమ్మయ్య అనుకున్నా.

రమ్మీ నైపుణ్యమున్న ఆటేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ కేసులోనే. తర్వాతి పంపకంలో నాకు జోకరే రాలేదు. ఆడక తప్పదు.

మొత్తం ఏడు టికెట్లు. బాల్కనీవే కావాలట.