ఫైలు స్వభావ నిర్ణయం: పేరు, ప్రకటన, పదార్థం

ఇది కంప్యూటరు యుగమని చెప్పడం నేడు పరిపాటి అయినది. ఉపకార వేతనం కోరే విద్యార్థి తన మార్కుల జాబితాను, ఆదాయ ధ్రువపత్రాన్ని, ఛాయాచిత్రాన్ని కాగితం రూపంలో గాక ఫైలు రూపంలో కార్యాలయానికి పంపుతున్నాడు. తెలంగాణలో డిగ్రీ కళాశాలల ప్రవేశాలు 2016 నుండి 'దోస్త్' అనే వెబ్ వ్యవస్థ ద్వారా జరుగుతున్నవి. వెనుకటి రోజులలో దరఖాస్తుతోపాటు ఏ కాగితం జతపరచినామో గుమాస్తా కంటితో చూచి చెప్పగలిగేవాడు. ఈనాడు అవతల ఉన్నది యంత్రం. దానికి కన్ను లేదు. తన చేతికి వచ్చిన ఫైలు ఛాయాచిత్రమా, పత్రమా, పాటయా, లేక హాని చేసే ప్రోగ్రామా అనే సంగతిని అది ఏ విధంగా నిర్ణయిస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసికొనడం కంప్యూటరు శాస్త్రం చదివేవారికే గాక, దరఖాస్తు పంపే ప్రతి విద్యార్థికి అవసరం.

మొదట ఫైలు అనగా ఏమో గ్రహించవలెను. ఏ ఫైలైనా వరుసగా పేర్చిన అంకెల మాల మాత్రమే. ఒక్కొక్క అంకెను బైటు అంటారు. దాని విలువ 0 నుండి 255 వరకు ఉండవచ్చును. ఛాయాచిత్రంలోను, పద్యంలోను, పాటలోను ఉన్నవి ఈ అంకెలే. 80 అనే అంకె ఒకచోట లాటిన్ అక్షరం కావచ్చు, మరొకచోట ఒక రంగు పాలు కావచ్చు, ఇంకొకచోట యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలో భాగం కావచ్చు. కావున అంకెలను అర్థం చేసికొనడానికి ముందు ఆ ఫైలు ఏ జాతిదో తెలియవలెను. వెబ్ పరిభాషలో దీనినే కంటెంట్ టైపు అంటారు.

ఈ నిర్ణయానికి యంత్రం ముందు ముగ్గురు సాక్షులు నిలుస్తారు. మొదటి సాక్షి ఫైలు పేరు. రెండవ సాక్షి ఫైలును పంపినవారు చేసే ప్రకటన. మూడవ సాక్షి ఫైలులోని పదార్థమే.

మొదటి సాక్షిని విచారిద్దాం. ఫైలు పేరు చివర చుక్క పెట్టి జేపీజీ, పీడీఎఫ్, డాక్స్ వంటి తోకను తగిలించడం మనందరం చూచినదే. తోకను చూచి జాతిని చెప్పడం సులభం. కాని పేరును ఎవరైనా మార్చవచ్చును. మన సికింద్రాబాదు కంటోన్మెంటులోని కార్ఖానానే తీసికొందాం. పారశీకంలో 'కార్' అనగా పని, 'ఖానా' అనగా ఇల్లు లేక చోటు. ఉర్దూ మీదుగా మన నోట నిలిచిన ఈ మాటకు పనిశాల అని అర్థం. ఆ పేరును నమ్మి యంత్రశాలలను వెదకుతూ వచ్చినవారికి ఈనాడు తిరుమలగిరి వైపు సాగే రహదారికి ఇరుప్రక్కల దుకాణాలు, ఆసుపత్రులు, బడులు, నివాస గృహాలు కనిపిస్తాయి. పేరు మనకు దారి చూపుతుంది గాని లోపల ఉన్నదానికి హామీ ఇవ్వదు. ఫైలు తోక విషయంలోను ఇంతే.

రెండవ సాక్షి ప్రకటన. దీనికి ఒక చరిత్ర కలదు. తొలినాళ్ల ఈ-మెయిలు ఆంగ్ల అక్షరాల వచనాన్ని మాత్రమే మోయగలిగేది. చిత్రాలను, ధ్వనిని, ఇతర భాషల లిపులను కూడ పంపడానికి వీలుగా నథానియేల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు 1992లో 'మైమ్' అనే ప్రమాణాన్ని రూపొందించినారు. పంపే ప్రతి వస్తువు మీద దాని జాతిని తెలిపే చీటీ అతికించవలెనన్నది అందులోని ముఖ్యాంశం. ఆ చీటీలో రెండు మాటలుంటాయి. మొదటిది కులం, రెండవది శాఖ అనుకొనవచ్చును. చిత్రం గీత జేపెగ్, వచనం గీత హెచ్‌టీఎంఎల్, అప్లికేషన్ గీత పీడీఎఫ్ అన్నట్లుగా వ్రాస్తారు. జాతి ఏదో తెలియనప్పుడు 'ఆక్టెట్ స్ట్రీమ్', అనగా ఉత్త బైటుల ప్రవాహం, అని వ్రాస్తారు. ఈ-మెయిలు కోసం పుట్టిన ఈ చీటీనే వెబ్ కూడ స్వీకరించినది. సర్వరు మనకు పంపే ప్రతి పుటతోపాటు ఈ చీటీ వస్తున్నది. మనం సర్వరుకు ఫైలు పంపినప్పుడు మన బ్రౌజరు కూడ ఇటువంటి చీటీనే జతచేస్తున్నది.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మం గమనించవలెను. బ్రౌజరు ఆ చీటీని సాధారణంగా ఫైలును చదివి వ్రాయదు, పేరు చివరి తోకను చూచి వ్రాస్తుంది. అనగా రెండవ సాక్షి మొదటి సాక్షి చెప్పిన మాటనే తిరిగి చెబుతున్నాడు. ఇద్దరి మాట ఒకటే అయినంత మాత్రాన సాక్ష్యానికి బలం రెట్టింపు కాదు. పైగా దురుద్దేశం గలవాడు బ్రౌజరుతో పనిలేకుండ తన ఇష్టం వచ్చిన చీటీని తానే తయారుచేసి పంపగలడు. ఈ కారణం వలననే వెబ్ అప్లికేషను నిర్మించేవారు పంపినవాని ప్రకటనను ప్రమాణంగా తీసికొనరాదని నిపుణులు హెచ్చరిస్తారు.

ఇక మూడవ సాక్షి. ప్రాచీన తాళపత్ర గ్రంథాలను పరిశీలించే పండితుడు కట్టమీద ఎవరో కట్టిన చీటీని నమ్మి ఊరకుండడు. కట్ట విప్పి తొలి ఆకు చదువుతాడు. ఆశ్వాసం చివరనున్న గద్య చూస్తాడు. తెలుగు కావ్యంలో ఆ గద్యయే కవి పేరును, కృతి పేరును తెలుపుతుంది. పారశీక, ఉర్దూ వ్రాతప్రతులలో చివరనుండే 'తర్ఖీమా' లేఖకుని పేరును, వ్రాసిన కాలాన్ని తెలుపుతుంది. ఫైళ్లలోను ఇటువంటి ఆనవాళ్లు కలవు. పీఎన్‌జీ చిత్రం ఏదైనా 137, 80, 78, 71, 13, 10, 26, 10 అనే ఎనిమిది బైటులతో మొదలు కావలసినదే. జేపెగ్ చిత్రం 255, 216, 255 అనే మూడింటితో మొదలవుతుంది. పీడీఎఫ్ పత్రం మొదట శాతం గుర్తు, ఆ వెంటనే పీడీఎఫ్ అనే మూడక్షరాలు ఉంటాయి. వీటిని మ్యాజిక్ నంబర్లు అంటారు. యూనిక్స్ వ్యవస్థలో 1973 నాటికే 'ఫైల్' అనే ఆజ్ఞ ఉన్నది. పేరుతో నిమిత్తం లేకుండ లోపలి బైటులను చూచి జాతిని చెప్పడం దాని పని. ఇయాన్ డార్విన్ 1986-87 కాలంలో దానిని అందరికీ ఉచితంగా లభించే రూపంలో తిరిగి వ్రాసినారు. ఆ సంప్రదాయమే నేటికీ వెబ్ సర్వర్లలో పనిచేస్తున్నది. 2024లో గూగుల్ సంస్థ యంత్ర అభ్యసనం ద్వారా ఇదే పని చేసే 'మ్యాజికా' అనే ఉపకరణాన్ని బహిరంగపరచినది.

మూడవ సాక్షి మిగిలిన ఇద్దరికంటె నమ్మదగినవాడే గాని, అతని మాట కూడ సంపూర్ణం కాదు. జిప్ అనే మూట సంగతి చూడండి. జిప్ ఫైలు 80, 75, 3, 4 అనే బైటులతో మొదలవుతుంది. వర్డ్‌లో తయారయ్యే డాక్స్ పత్రం, ఎక్సెల్ పట్టిక, ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను స్థాపించే ఏపీకే ఫైలు, ఇవన్నీ లోలోపల జిప్ మూటలే. తొలి నాలుగు బైటులను మాత్రమే చూచిన యంత్రానికి ఇవన్నీ ఒక్కటిగానే కనిపిస్తాయి. మూట విప్పి లోపలి వస్తువుల పట్టిక చూచినప్పుడే భేదం తెలుస్తుంది. ఏపీకే మూటలో ఆండ్రాయిడ్ మానిఫెస్ట్ అనే ఫైలు ఉండి తీరుతుంది. డాక్స్ మూటలో అది ఉండదు.

ఈ భేదం పండితుల చర్చకు మాత్రమే పరిమితమైనది కాదు. ఇటీవలి సంవత్సరాలలో వివాహ ఆహ్వానమని, ట్రాఫిక్ చలానా అని, బ్యాంకు సమాచారమని పేరు పెట్టి వాట్సాప్ ద్వారా ఏపీకే ఫైళ్లను పంపే మోసం దేశమంతట వ్యాపించినది. తెలంగాణ పోలీసులతోసహా అనేక రాష్ట్రాల పోలీసులు ప్రజలను హెచ్చరించినారు. శుభలేఖ చిత్రం గాని పీడీఎఫ్ గాని కావలెను. యాప్ కావలసిన పని లేదు. తోకను చదవకుండ ముట్టినవారి ఫోనులో ఆ యాప్ స్థిరపడి, అడిగిన అనుమతులన్నీ పొందినట్లయితే, సందేశాలలో వచ్చే రహస్య సంఖ్యలు మోసగాళ్లకు చేరి, ఖాతాలోని సొమ్ము మాయమవుతుంది. కూతురి పెండ్లికని దాచుకొన్న డబ్బు శుభలేఖ పేరుతో వచ్చిన ఫైలు వలననే పోయే ప్రమాదం ఉన్నదంటే, ఫైలు జాతిని గుర్తించడం ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనవసరం లేదు.

వచనం విషయంలో మరొక చిక్కు కలదు. సాదా వచనానికి మ్యాజిక్ నంబరు అంటూ ఏదీ లేదు. తొలి బైటు నుండే విషయం మొదలవుతుంది. అటువంటప్పుడు లిపిని ఏ పద్ధతిలో అంకెలుగా మార్చినారో ఊహించవలసి వస్తుంది. తెలుగు లిపికి 1991లో యూనికోడ్ తొలి సంచికలోనే స్థానం లభించినది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం మూడు బైటులను ఆక్రమిస్తుంది. మొదటిది 224, రెండవది 176 లేక 177. 'అ' అనే అక్షరం 224, 176, 133గా నిలుస్తుంది. ఉర్దూ అక్షరాలకు రెండేసి బైటులు చాలును. 'అలిఫ్' 216, 167 అవుతుంది. కాబట్టి మన ఉభయభాషా పత్రిక వంటి దానిలో ఎక్కడ తెలుగు ముగిసి ఎక్కడ ఉర్దూ మొదలైనదో బైటులను చూచియే చెప్పవచ్చును. 255 అనే బైటు యూటీఎఫ్-8లో ఎన్నడూ రాదు. అది కనిపించినచో ఆ ఫైలు యూటీఎఫ్-8 వచనం కాదని నిశ్చయించవచ్చును. చీటీలో లిపి పద్ధతిని పేర్కొనకపోతే బ్రౌజరు పొరపడి, ఒక్కొక్క తెలుగు అక్షరానికి బదులు నెత్తిన గీతగల లాటిన్ అక్షరం, డిగ్రీ గుర్తు, మరొక చిహ్నం చూపడం కొందరికి అనుభవమే.

యూనికోడ్‌కు ముందు మన డీటీపీ కేంద్రాలలో వాడుకలోకి వచ్చిన అను వంటి ఖతుల కథ ఇంకా విచిత్రం. వాటిలో లాటిన్ అక్షరాల సంకేతాల స్థానంలోనే తెలుగు అక్షర ఖండాలను అమర్చినారు. ఫైలును పరీక్షించిన యంత్రం అది లాటిన్ వచనమని చెబుతుంది. ఆ మాట అబద్ధం కాదు. అయినా చదువరికి అది తెలుగు. ఆ ఖతి లేని యంత్రంలో తెరచినప్పుడు అర్థంలేని లాటిన్ అక్షరాల గుంపు మాత్రమే కనిపిస్తుంది. ఆ విధంగా కూర్చిన వ్యాసాలు, కథలు, సంచికలు ఎన్నో నేటికీ పాత డిస్కులలో పడియున్నవి. వాటిని యూనికోడ్‌లోనికి మార్చి భద్రపరచకపోతే ఫైళ్లు మిగిలినా సాహిత్యం మిగలదు.

ఇక వెబ్ అప్లికేషను చేయవలసిన పని ఏమి? ఒకప్పుడు సర్వర్లు తప్పు చీటీలు పంపుతుండడం చూచి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజరు చీటీని పూర్తిగా నమ్మక, ఫైలులోని తొలి 256 బైటులను వాసన చూచి జాతిని ఊహించేది. ఉద్దేశం మంచిదే గాని అది దొంగకు దారి చూపినది. చిత్రమని చెప్పి పంపిన ఫైలులో వెబ్ పుట ఆజ్ఞలను దాచినచో, బ్రౌజరు దానిని పుటగా భావించి ఆ ఆజ్ఞలను నడిపేది. చూచేవారి లాగిన్ వివరాలు దొంగ చేతికి చిక్కేవి. దీనిని అరికట్టడానికి 2008లో అదే బ్రౌజరు ఎనిమిదవ సంచికతో 'నోస్నిఫ్', అనగా వాసన చూడవద్దు, అనే సూచనను ప్రవేశపెట్టినారు. తరువాత ఇతర బ్రౌజర్లు కూడ దానిని అంగీకరించినవి.

కావున బుద్ధిమంతుడైన నిర్మాత ఈ క్రమం పాటిస్తాడు. తనకు ఏయే జాతుల ఫైళ్లు కావలెనో ముందుగా నిర్ణయించి, ఆ కొద్దింటిని మాత్రమే అంగీకరిస్తాడు. తోకను, లోపలి ఆనవాలును పోల్చి, రెండూ కలిసినప్పుడే స్వీకరిస్తాడు. మూట అయితే విప్పి చూస్తాడు. చిత్రమైతే దానిని తెరచి, కొత్త చిత్రంగా తిరిగి వ్రాయిస్తాడు. అందువలన చిత్రం వెనుక దాగిన అదనపు పదార్థం చాలవరకు తొలగిపోతుంది. పంపినవారి పేరును గాక తాను పెట్టిన పేరుతో, ప్రోగ్రాములు నడవని చోట దానిని దాస్తాడు. తిరిగి పంపేటప్పుడు తాను నిర్ధారించిన చీటీని, నోస్నిఫ్ సూచనను జతచేస్తాడు.

ఇంత జాగ్రత్తలోను ఒక కర్తవ్యం మరువరాదు. 2017 నుండి ఐఫోను తీసే చిత్రాలు సాధారణంగా హైక్ అనే జాతిలో ఉంటున్నవి. ఒక పేద విద్యార్థి బంధువుల ఫోనులో తన ధ్రువపత్రాన్ని చిత్రించుకొని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లినాడనుకొందాం. దరఖాస్తు జేపీజీని మాత్రమే కోరుతున్నది. సెంటరువారు తోకను జేపీజీగా మార్చినారు. పేరు మారినది గాని, అయిదవ బైటు నుండి 102, 116, 121, 112 అనే ఆనవాలు అట్లే ఉన్నది. సర్వరు దానిని గుర్తించి తిరస్కరించినది. తిరస్కరించడం న్యాయమే. కాని 'ఫైలు చెల్లదు' అనే రెండు మాటలు మాత్రమే తెర మీద చూపినచో ఆ విద్యార్థికి ఏమి బోధపడుతుంది? గడువు దాటినచో అతనికి ఒక సంవత్సరపు ఉపకార వేతనం పోతుంది. 'ఇది హైక్ చిత్రం, జేపెగ్‌గా మార్పిడి చేసి పంపండి' అని ఒక్క వాక్యం చూపడానికి యంత్రానికి కష్టం ఏమీ లేదు. జాతిని కనుగొన్న యంత్రం ఆ సంగతిని మనిషికి కూడ తెలియజేయవలెను.

విద్యార్థులు ఈ రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. మీరు ఫైలు పంపేటప్పుడు తోకను మార్చవద్దు, ఫైలునే మార్పిడి చేయండి. మీకు ఫైలు వచ్చినప్పుడు పేరు చదివి ఆగిపోక తోకను కూడ చదవండి, అది ఏపీకే అయినచో ముట్టవద్దు. మీలో కొందరు రేపు ఇటువంటి వెబ్ వ్యవస్థలను నిర్మిస్తారు. అప్పుడు మీ యంత్రం ముందు నిలిచేది అంకెల మాల అయినా, దాని వెనుక ఒక విద్యార్థి, ఒక గడువు తేదీ ఉంటాయని తలచుకొని ఆ నాలుగు మాటలు తెర మీద వ్రాయండి.