పల్లెకు కావలి యెవరు?

చెన్నపట్టణమున కాపురముండి పల్లెలో పొలముగల మన ప్లీడర్లును, డాక్టర్లును వెంగల్ వంటి గ్రామమును గూర్చి యొకమా రాలోచింపవలయును. తిరువళ్ళూరు జిల్లాలోని యీ యూర పోలీసు ఠాణా గలదు. ఐనను ఠాణా నేరము జరిగిన పిమ్మట ఫిర్యాదు నందుకొనును. నేరమునకు ముందు మేలుకొనియుండవలసినది ఊరి కావలి.

1816వ సంవత్సరపు 11వ రెగ్యులేషను మదరాసు రాజధానిలో గ్రామపెద్దలకు పోలీసు అధికారము నొసంగినది. వారికి తలారి తోడు. ఎవరి యెద్దు ఎవరి చేనబడెనో, ఊర దిగిన క్రొత్తవా డెవడో తలారి యెఱుగును. ఎవరి గట్టు జరిగెనో కరణ మెఱుగును. 1980 నవంబరులో తమిళనాడు ప్రభుత్వము మునసబు, కరణముల పాత పదవులను రద్దుచేసెను. 1982లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. కొన్ని కుటుంబముల పెత్తనము తొలగుట న్యాయమే. ఆ పెత్తనముతోపాటు ఊరి నెఱిగిన కన్నుకూడ మూతపడుటయే మా విచారము. తలారి నేడు గ్రామసహాయకుడై ప్రధానముగ రెవెన్యూ పనులు చేయుచున్నాడు.

పట్టణవాసులు దస్తావేజు రిజిస్టరైనదని నిశ్చింతగ నుందురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము పత్రమును నమోదుచేయునేగాని స్వత్వమునకు పూచీపడదు. ఏడాదికొకమారైన పొలిమేర చూడని వానికి పట్టాకాగిత మొక్కటియే రక్ష కాజాలదు. ఇరుగుపొరుగు రైతులే సరిహద్దుకు సాక్షులు.

కావున పొలముగలవారు పంటకారున ఊరికేగి, గట్టు నడచి, అడంగలులో తమ పేరు చూచుకొందురుగాక. గ్రామస్థులు జనవరి 26, ఆగస్టు 15 మొదలగు దినముల గ్రామసభలలో వీధిదీపములు, రాత్రికావలి అడుగుదురుగాక. పాత పదవులు మరల వలదు. పాత మెలకువ వలయును.