పరమాణు బల సూక్ష్మదర్శిని: చిత్రాన్ని కొలతగా చదవడం

1. పరిచయం

కాంతి సూక్ష్మదర్శినికి ఒక హద్దు ఉంది. దృశ్యకాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. అందువల్ల 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను అది విడివిడిగా చూపలేదు. ఎర్ర రక్తకణం వ్యాసం 7 నుంచి 8 మైక్రోమీటర్లు కాబట్టి దాన్ని చూడగలం. డి.ఎన్.ఏ. పోగు వ్యాసం 2 నానోమీటర్లే కాబట్టి చూడలేం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఈ హద్దును దాటుతుంది. కాని దానిలో నమూనాను సాధారణంగా శూన్యంలో ఉంచాలి. అందుకోసం తడిగా ఉండే జీవకణాన్ని ఆరబెట్టాలి, లేదా గడ్డకట్టించాలి.

1986లో గెర్డ్ బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టోఫ్ గెర్బర్ రూపొందించిన పరమాణు బల సూక్ష్మదర్శినితో ఈ ఇబ్బంది తీరింది. అంతకు ముందు బిన్నిగ్, హైన్రిష్ రోరర్ కనిపెట్టిన స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినికి విద్యుత్తును ప్రసరింపజేసే ఉపరితలం కావాలి. కొత్త పరికరానికి ఆ అవసరం లేదు. ప్రోటీన్లను, కణత్వచాలను, బతికి ఉన్న కణాలను సైతం ద్రవంలో ఉంచి దీనితో పరిశీలించవచ్చు.

ఈ పరికరం ఇచ్చే రంగుల చిత్రాలను మీరు పుస్తకాలలో చూసే ఉంటారు. ఆ రంగులు నమూనావి కావు. ఎత్తును బట్టి కంప్యూటర్ వేసినవి. కాబట్టి చిత్రంలో ఏ కొలతను ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడం ఈ భాగంలో మన పని.

2. పనిచేసే విధానం

కరెంటు పోయినప్పుడు చీకట్లో గోడను తడుముతూ స్విచ్చి ఎక్కడుందో కనుక్కుంటాం కదా! ఈ పరికరం చేసేదీ అదే. ఇందులో వేలికి బదులుగా ఒక సన్నని మొన ఉంటుంది. మొన చివరి వ్యాసార్ధం సుమారు 10 నానోమీటర్లు. దాన్ని సుమారు 100 నుంచి 200 మైక్రోమీటర్ల పొడవున్న కాంటిలీవర్ అనే సన్నని పట్టీ చివర అమరుస్తారు. ఆ పట్టీ వీపు మీద పడిన లేజర్ కిరణం పరావర్తనం చెంది ఫోటోడయోడ్‌ను చేరుతుంది. పట్టీ ఏమాత్రం వంగినా ఫోటోడయోడ్ మీద కాంతి చుక్క జరుగుతుంది.

పీజోఎలక్ట్రిక్ స్ఫటికం నమూనాను, లేదా మొనను, వరుసలు వరుసలుగా కదుపుతుంది. పట్టీ వంపు మారకుండా ఫీడ్‌బ్యాక్ వలయం ఎత్తును సరిచేస్తూ ఉంటుంది. ప్రతి బిందువు దగ్గర చేసిన ఆ సవరింపులన్నీ కలిపితే ఉపరితలపు ఎత్తుల పటం వస్తుంది.

ఇప్పుడు బలాన్ని లెక్కిద్దాం. హుక్ నియమం ప్రకారం బలం = స్ప్రింగ్ స్థిరాంకం × వంపు. స్థిరాంకం మీటరుకు 0.1 న్యూటన్, వంపు 1 నానోమీటరు అయితే బలం 100 పికోన్యూటన్లు. ఇది చాలా తక్కువ అనిపించవచ్చు. కాని కండరంలోని టైటిన్ అనే ప్రోటీన్ మడతలు 150 నుంచి 300 పికోన్యూటన్ల బలంతో లాగితే విడిపోతాయని 1997లో ఈ పరికరంతోనే కొలిచారు. అంటే మనం కొలవడానికి వాడే బలం కొలవవలసిన అణువునే మార్చేయగలదు. అందుకే మెత్తని నమూనాల మీద మొనను ఈడ్చకుండా, పట్టీని కంపింపజేస్తూ తట్టి తట్టి వదిలే పద్ధతిని ఎక్కువగా వాడతారు. దీనివల్ల పక్కకు నెట్టే బలం బాగా తగ్గుతుంది.

3. నమూనా తయారీ

నానోమీటర్ల ఎత్తులు కొలవాలంటే కింది పీఠం అంతకంటే నునుపుగా ఉండాలి. దానికి అభ్రకం అనువైనది. నెల్లూరు సీమలోని గూడూరు గనులకు పేరు తెచ్చిన ఖనిజం ఇదే. దాని మీద అంటుకునే టేపు అతికించి లాగితే పై పొర ఊడి, పరమాణు స్థాయిలో చదునైన కొత్త తలం బయటపడుతుంది. అయితే నీటిలో అభ్రకం తలానికి, డి.ఎన్.ఏ.కు రెండింటికీ రుణావేశమే ఉంటుంది కాబట్టి అవి వికర్షించుకుంటాయి. మెగ్నీషియం వంటి ద్విసంయోజక అయాన్లను ద్రావణంలో కలిపితే అవి రెండింటి మధ్య వంతెనలా పనిచేసి పోగును తలానికి పట్టి ఉంచుతాయి.

4. వెడల్పు, ఎత్తు

మొన ఒక బిందువు కాదు, గుండ్రని వస్తువు. పోగు నడిమికి చేరకముందే మొన పక్కభాగం దానికి తగులుతుంది. అందువల్ల పోగు అసలు కంటే వెడల్పుగా కనిపిస్తుంది. దీనికి సుమారు సూత్రం:

కనిపించే వెడల్పు = 4 × √(మొన వ్యాసార్ధం × పోగు వ్యాసార్ధం)

మొన వ్యాసార్ధం 10, డి.ఎన్.ఏ. వ్యాసార్ధం 1 నానోమీటరు అనుకోండి. వెడల్పు 12.6 నానోమీటర్లు వస్తుంది. అసలు వెడల్పు 2 మాత్రమే. చిత్రం చూసి "ఆరు పోగులు పక్కపక్కన ఉన్నాయి" అని రాస్తే అది తప్పుడు నిర్ణయం అవుతుంది. ఎత్తుకు ఈ దోషం అంటదు. అయితే మొన ఒత్తిడికి మెత్తని అణువు అణగుతుంది కాబట్టి ఎత్తు 2 కంటే తక్కువగా రావచ్చు.

రెండు పరీక్షలు గుర్తుంచుకోండి. నమూనాను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చిత్రించండి. ఆకారం నమూనాతో పాటు తిరగకపోతే అది మొన ఆకారమే. బలాన్ని తగ్గించి మళ్లీ కొలవండి. ఎత్తు పెరిగితే మొదటిసారి అణువును నొక్కేశారని అర్థం.

5. కణాల మెత్తదనం

మొనతో కణాన్ని నొక్కి, బలానికి ఎంత లోతు దిగిందో చూస్తే దాని గట్టిదనం తెలుస్తుంది. రోగుల శరీర ద్రవాల నుంచి తీసిన, ఇతర భాగాలకు వ్యాపించే క్యాన్సర్ కణాలు ఆరోగ్యకరమైన కణాల కంటే 70 శాతానికి పైగా మెత్తగా ఉన్నట్లు 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. ఈ లెక్కకు గుండ్రని మొన విషయంలో హెర్ట్జ్ నమూనాను వాడతారు. ఇందులో గట్టిదనం మొన వ్యాసార్ధపు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. అసలు వ్యాసార్ధం 4 మైక్రోమీటర్లు ఉండగా 1 అని తీసుకుంటే గట్టిదనం రెట్టింపు వస్తుంది. అంటే మెత్తని కణం గట్టిదిగా నమోదవుతుంది. కాబట్టి మొన వ్యాసార్ధం, ప్రయోగించిన బలం, నమూనా ఉన్న మాధ్యమం – ఈ మూడూ పేర్కొనని చిత్రాన్ని కొలతగా స్వీకరించకండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. మొన అరిగి దాని వ్యాసార్ధం 40 నానోమీటర్లు అయితే డి.ఎన్.ఏ. పోగు ఎంత వెడల్పుగా కనిపిస్తుంది? (జవాబు: సుమారు 25 నానోమీటర్లు)
2. మెత్తని నమూనాలకు తట్టే పద్ధతి ఎందుకు మేలు?
3. అభ్రకం మీద డి.ఎన్.ఏ.ను నిలపడానికి మెగ్నీషియం అయాన్లు ఎలా తోడ్పడతాయి?