వరి వెన్నులో గింజల లెక్క
కొత్త విత్తనముల వెనుకనున్న శాస్త్రము

విత్తొకటి నాటిన చెట్టొకటి మొలుచునా అని మన పెద్దలందురు. మొలవదు. అయితే ఆ విత్తులోనే దాగియున్న ఒక చిన్న వ్రాతను దిద్దినచో, అదే చెట్టు మరికొన్ని గింజలను ఎక్కువగా ఈనునా? ఈనునని ఇటీవలి శాస్త్ర పరిశోధనలు చెప్పుచున్నవి. 2025వ సంవత్సరము మే 4వ తేదీన కేంద్ర వ్యవసాయ మంత్రి న్యూఢిల్లీలో రెండు కొత్త వరి రకములను ప్రకటించిరి. ఒకటి హైదరాబాదు రాజేంద్రనగరులోని భారతీయ వరి పరిశోధన సంస్థవారు సాంబ మసూరి నుండి రూపొందించిన డి.ఆర్.ఆర్. ధాన్ 100, అనగా ‘కమల’. రెండవది న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థవారు ఎం.టి.యు. 1010 నుండి రూపొందించిన పూసా డి.ఎస్.టి. రైస్ 1. ఈ రెండింటి మూలములును మన నేలవే. సాంబ మసూరి బాపట్లలో పుట్టి 1986లో విడుదలైనది. ఎం.టి.యు. 1010, అనగా కాటన్‌దొర సన్నాలు, మారుటేరు బిడ్డ.

ఇట్టి విత్తనముల పేరు వినగానే రైతులు మొదట ప్రశ్నించునది గ్రామములోని పంచాయతీ సభ్యులనే. ఇది మందు కలిపిన విత్తనమా? తినవచ్చునా? మరల విత్తుకొనవచ్చునా? సరియైన సమాధానము లభింపనిచో ఆ స్థానమును వదంతి ఆక్రమించును. వదంతి వెనుక నకిలీ విత్తన వ్యాపారి వచ్చును. కౌలు రైతునకు ఒక పంట పోయిన ఒక యేడు పోయినట్లే. కావున ఈ విషయమును మొదటినుండి వివరింప సంకల్పించితిమి.

మొక్క పెరుగుటకు కారణమైన రసములు

మొక్కకు మెదడు లేదు. అయినను ఎప్పుడు పిలక వేయవలెనో, ఎప్పుడు పొట్టకు రావలెనో దానికి తెలియును. ఈ వర్తమానములను మొక్క లోపల మోసుకొనిపోవునవి కొన్ని రసములు. వీనినే హార్మోనులందురు.

వానిలో ఒకదాని కథ వరిచేనులోనే మొదలైనది. జపానువారు తమ నారుమళ్లలో కొన్ని మొక్కలు ఒక తెగులు సోకి, పాలిపోయి, తోటి మొక్కలకంటె ఎత్తుగా సాగి పడిపోవుట చూచి, వానికి ‘వెర్రి మొలక’ అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆ తెగులును కలిగించు బూజు విడుదల చేయు ఒక పదార్థమే మొక్కను అట్లు సాగదీయుచున్నదని 1926లో కురోసావా అను శాస్త్రజ్ఞుడు చూపెను. అదియే జిబ్బరెల్లిన్. ఆరోగ్యముగానున్న మొక్క కూడ దీనిని స్వయముగా కొలతప్రకారము తయారుచేసికొనునని తరువాత తెలిసినది.

1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్. 8 అను పొట్టి రకమును విడుదల చేసినది. గోదావరి మండలమున ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఆ రకమును పండించి పేరు గాంచిరి. ఎరువు వేసినను చేను పడిపోకుండుట దాని గొప్ప. ఆ పొట్టితనమునకు కారణము, జిబ్బరెల్లిన్ తయారీకి వలసిన ఒక జన్యువు చెడియుండుటయేనని 2002లో గాని తేలలేదు. రైతు ముందు పండించెను. కారణము ముప్పదియారేండ్లకు తెలిసినది. ఇప్పుడు క్రమము మారినది. కారణమును ముందు తెలిసికొని, తదనుగుణముగా రకమును రూపొందించుచున్నారు.

వెన్నులో తూము

రెండవ రసము సైటోకైనిన్. ఈ జాతి రసములలో మొదటిదానిని 1955లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇది మొక్క కొనలయందుండు లేత కణములను విభజింపజేయుచు, ఆ కొనను చురుకుగా నుంచును.

నాట్లయిన కొన్ని వారములకు దుబ్బు అడుగున, ఆకుతొడుగుల మాటున, కంటికి ఆననంత చిన్నదిగా వెన్ను అంకురించును. ఆ అంకురపు కొన ఎంతకాలము చురుకుగా నుండునో అన్ని కొమ్మలు, ఆ కొమ్మలపై అన్ని పూలు ఏర్పడును. పువ్వు ఒక్కంటికి గింజ ఒకటి. కనుక వెన్నులో ఎన్ని గింజలకు చోటుండునను లెక్క, పొట్ట కనబడుటకు ముందే లోపల తేలిపోవుచున్నది.

ఈ లెక్కను శాసించు జన్యువును 2005లో జపానులోని నగోయా విశ్వవిద్యాలయమునకు చెందిన అషికారి, ఆయన సహచరులును ప్రకటించిరి. గింజలు తక్కువగల కొషిహికారి, ఎక్కువగల హబటాకి అను రెండు రకములను సంకరపరచి, ఆ భేదమునకు మూలమును వెదకగా సి.కె.ఎక్స్. 2 అను జన్యువు దొరికినది. దీని పని సైటోకైనిన్‌ను నాశనముచేయు ఒక పదార్థమును తయారుచేయుట. చెరువునకు తూమెట్టిదో అంకురమునకు ఈ జన్యువట్టిది. తూము తెరచియున్న నీరు పోవును, మూసిన నిలుచును. హబటాకిలో ఈ తూము స్వభావసిద్ధముగానే కొంత మూసికొనియున్నది. అందుచే దాని వెన్నులో గింజలెక్కువ.

వ్రాతను దిద్దుట ఎట్లు?

వరి కణములోని జన్యు వ్రాతయందు సుమారు 40 కోట్ల అక్షరములున్నవి. ఆ వ్రాతనంతయు చదువుటకు పలుదేశములు కలిసి పూనుకొనగా, 11వ క్రోమోజోములో కొంతభాగమును మన దేశము చదివినది. 2005 నాటికి ఆ పని పూర్తియైనది.

ఇన్ని కోట్ల అక్షరములలో ఒక్క చోటును పట్టుకొని దిద్దు సాధనము 2012లో లభించినది. సూక్ష్మజీవులు తమపై దాడిచేయు వైరసులను తునుముటకు వాడుకొను కత్తెరను, మనము కోరిన చోట కత్తిరించునట్లు మలచవచ్చునని షార్పెంటియర్, డౌడ్నా అను ఇరువురు మహిళా శాస్త్రజ్ఞులు నిరూపించిరి. వారికి 2020లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. క్రిస్పర్ అని పిలువబడు ఈ సాధనములో భాగములు రెండు. ఒకటి సర్వే నంబరు చేతబట్టి పొలమును గుర్తించు అమీను వంటిది. రెండవది ఆ చోట కత్తిరించునది. తెగిన చోటును కణము స్వయముగా అతుకుకొనునప్పుడు ఒకటి రెండు అక్షరములు తారుమారగును. అంతతో ఆ జన్యువు పని ఆగును.

కమలలో జరిగినది ఇదియే. సాంబ మసూరిలోని సి.కె.ఎక్స్. 2 జన్యువును దిద్ది తూమును మూసిరి. కత్తెరను కణములోనికి పంపుటకు మొదట పరాయి జన్యుపదార్థమును ప్రవేశపెట్టవలసియున్నను, తరువాతి తరముల మొక్కలలో కత్తెర లేకుండ దిద్దుబాటు మాత్రమే మిగిలినవానిని ఏరి తీసికొందురు. 2002లో మన దేశమున అనుమతి పొందిన బి.టి. పత్తికిని దీనికిని భేదమిదియే. ఆ పత్తిలో నేలలోని సూక్ష్మజీవి జన్యువు శాశ్వతముగా నుండును. ఈ వరిలో పరాయి జన్యువు మిగులదు. ఈ కారణముచే, పరాయి జన్యుపదార్థము లేనట్టి దిద్దుబాటు మొక్కలను 1989 నాటి నిబంధనలలోని కొన్ని కట్టడులనుండి మినహాయించుచు కేంద్ర పర్యావరణ శాఖ 2022 మార్చి 30న ఉత్తరువు జారీచేసినది.

రెండవ రకమైన పూసా డి.ఎస్.టి. రైస్ 1లో దిద్దిన జన్యువు వేరు. ఆకుపైనుండు సన్నని రంధ్రములద్వారా మొక్క నీటిని ఆవిరిగా వదలును. 2009లో చైనా శాస్త్రజ్ఞులు వెల్లడించిన డి.ఎస్.టి. అను జన్యువు పని ఆగినచో ఆ రంధ్రములు తగ్గి, బిగిసి, మొక్క బెట్టను, ఉప్పును మెరుగుగా తట్టుకొనును. చౌడు నేలలుగల గ్రామములకు ఉద్దేశించిన రకమిది.

లాభమెంత? హద్దులేవి?

భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రకటించిన లెక్కప్రకారము పరీక్షా క్షేత్రములలో కమల సగటు దిగుబడి హెక్టారునకు 5.37 టన్నులు, సాంబ మసూరిది 4.5 టన్నులు. ఎకరమునకు లెక్కించిన సుమారు మూడున్నర క్వింటాళ్ల అధికము. పంటకాలము సుమారు 20 దినములు తగ్గి 130 దినములకు వచ్చును. కాలువ చివరి ఆయకట్టువారికి ఈ 20 దినముల నీరు చిన్న విషయము కాదు. అయితే ఈ పరీక్షల లెక్కలను కొన్ని స్వచ్ఛంద సంఘములు 2025లో ప్రశ్నించినవి. మండలి ఆ ఆరోపణలను త్రోసిపుచ్చినది. ఈ విషయమును కూడ సభ్యులు ఎరిగియుండుట మంచిది. విత్తనమునకు తుది పరీక్ష రైతు పొలమే.

వెన్నులో చోట్లు పెరిగినంతమాత్రమున గాదె నిండదు. ప్రతి పువ్వు పాలుపోసుకొని గింజ కట్టుటకు ఆకులు చాలినంత ఆహారమును తయారుచేయవలెను. ఎండ చాలకున్నను, ఎరువు సమతూకముగా లేకున్నను, ఈనిక వేళ నీరు తప్పినను, అధికముగా వచ్చిన గింజలు తాలుగా పోవును. తూము మూసిన చెరువైనను వాన కురిసిననే నిండును గదా.

మరియు ఒక దిద్దుబాటు అన్ని గుణములను మార్చదు. సాంబ మసూరికి ఎండాకు తెగులు సోకును. ఆ తెగులును తట్టుకొను మూడు జన్యువులను సంకరము ద్వారా చేర్చి, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమును వరి పరిశోధన సంస్థయును కలిసి 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని వెలువరించినవి. గింజల తూము మూయుట చేత తెగులు ఆగదు. ఏ రకము దేనికొరకు వచ్చినదో తెలిసికొని ఎంచుకొనవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

మొదటిది: దిద్దిన విత్తనమును, దిద్దనిదానిని కంటితో చూచి వేరుచేయుట సాధ్యము కాదు. వంద గింజలను తడిగోనెలో కట్టి మొలక చూచుట మంచి అలవాటే; వందకు ఎనుబదియైన మొలవవలెను. కాని మొలక శాతము రకమును చెప్పదు. కొత్త పేరు చెప్పి పాత విత్తనమును అమ్ముట సులభము. కావున ధ్రువీకృత విత్తనపు నీలి చీటి, లాటు నంబరుగల రసీదు లేనిదే సంచి కొనవద్దని గ్రామసభలో చాటింపుడు. చీటిని, రసీదును, గుప్పెడు విత్తనమును కోతలవరకు దాచియుంచవలెను. నష్టము జరిగినచో సాక్ష్యమదియే.

రెండవది: ప్రకటన వెలువడిన నాడే విత్తనము అంగడికి రాదు. బ్రీడరు విత్తనము, మూల విత్తనము, ధ్రువీకృత విత్తనము అను మెట్లు దాటి రావలెను. ఎక్కడనో ముందే దొరకునని ఎవరైన చెప్పినచో మండల వ్యవసాయాధికారిని విచారింపుడు.

మూడవది: మొదటి యేట పొలమంతయు వేయక, అలవాటైన రకము ప్రక్కనే కొద్దిచోటులో వేసి, వెన్నుకు నిండు గింజలెన్ని, తాలు ఎన్ని అని లెక్కించి వ్రాసికొనవలెను. ముందుగా పండు చేను ఒంటరిగా నున్నచో ఊరి పిట్టలు, ఎలుకలు దానిపైననే పడును. కావున వేయదలచిన రైతులు ఒక కట్టుగా వేయుట మేలు.

నాలుగవది: 2001 నాటి మొక్కల రకముల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టము ప్రకారము రైతు తన పంటనుండి విత్తనమును దాచుకొనవచ్చును, విత్తుకొనవచ్చును, ఇరుగుపొరుగులకు ఇచ్చి పుచ్చుకొనవచ్చును, సంస్థ ముద్రతో సంచిలో కట్టి అమ్మరాదు. ఈ హక్కును ప్రతి రైతును ఎరిగియుండవలెను.

కడపట ఒక్క మాట. నేడు శాస్త్రజ్ఞులు దిద్దిన వ్రాత బాపట్లలోను మారుటేరులోను పుట్టిన రకములది. ఆ రకములకు మూలము తరతరములుగా రైతులు ఏరి దాచిన విత్తనములే. కొత్త రకము వచ్చినదని పాతదానిని గ్రామమునుండి పోగొట్టుకొనవలదు. రేపు దిద్దుటకైనను మొదట వ్రాత యుండవలెను గదా.