పాట మనది.. పత్రం ఎవరిది?

స్వతంత్ర హిప్‌హాప్ లేబుల్ ఎలా పెరుగుతుంది? జనగామ, మానుకోట, భూపాలపల్లి యువతకు ఆ కథతో పనేమిటి?

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల్లో పాటకు ఏనాడూ కరువు లేదు. కడవెండి, విసునూరు పేర్లు వినగానే సాయుధ పోరాట కాలపు పాటలు గుర్తుకొస్తాయి. మానుకోట చుట్టూ తండాల్లో బంజారా పాటలు, భూపాలపల్లి బొగ్గుబావుల దగ్గర కార్మికుల పాటలు, మాదిగవాడల్లో డప్పు, చిందు కళాకారుల యక్షగానం ఉన్నాయి. ఇప్పుడు ఇదే నేల మీద పుట్టిన పిల్లలు ఫోన్‌లో బీట్ పెట్టుకొని ర్యాప్ రాసుకుంటున్నారు.

కాబట్టి కొరత పాటది కాదు, ప్రతిభది అసలే కాదు. పాటను రికార్డు చేసి, రాసినవాళ్ల పేరు మీద నమోదు చేసి, దాని మీద వచ్చే ప్రతి రూపాయికి లెక్క అడగగల సంస్థ మన దగ్గర లేదు. సంగీత రంగంలో ఆ పని చేసే సంస్థనే లేబుల్ అంటారు. లేబుల్ పెరిగిందా లేదా అన్నది వ్యూస్‌ని బట్టి చెప్పడం అలవాటైంది. పాట హక్కులు చివరికి ఎవరి చేతిలో మిగిలాయన్నదాన్ని బట్టి చెప్పాలన్నది మా వాదన.

ఒక పాట, నాలుగు హక్కులు

ముందు ఒక ఉదాహరణ. జనగామ కుర్రాడు ర్యాప్ రాసి పాడాడు. భూపాలపల్లి మిత్రుడు బీట్ కట్టాడు. మానుకోట అమ్మాయి మధ్యలో వచ్చే పల్లవి పాడింది. హనుమకొండలో ఒక చానల్ యజమాని స్టూడియో అద్దె కట్టి రికార్డింగ్ చేయించాడు. మనం దీన్ని ఒక పాట అంటాం. చట్టం మాత్రం నాలుగు రకాల హక్కులుగా చూస్తుంది: సాహిత్యం మీద రచయితకు, సంగీతం మీద స్వరకర్తకు, గానం మీద గాయనీగాయకులకు, రికార్డింగ్ మీద నిర్మాతకు.

రికార్డింగ్‌కు చొరవ తీసుకొని బాధ్యత వహించినవారే కాపీరైట్ చట్టం దృష్టిలో నిర్మాత. ఆ అసలు రికార్డింగ్‌నే మాస్టర్ అంటారు. యూట్యూబ్‌లో, స్పాటిఫైలో, సినిమాలో పాట మోగితే డబ్బు సాధారణంగా మొదట మాస్టర్ ఎవరిదైతే వారి ఖాతాకే దారి పడుతుంది. మిగతా ముగ్గురికి వాటా చేరాలంటే కాగితం ఉండాలి.

న్యూయార్క్ నేర్పిన మొదటి పాఠం

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో డీజే కూల్ హెర్క్, ఆయన చెల్లెలు సిండీ పెట్టిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆరేళ్ల పాటు అది వీధుల్లో, పార్కుల్లోనే బతికింది. 1979లో సిల్వియా రాబిన్సన్ అనే నల్లజాతి మహిళ నడిపిన షుగర్‌హిల్ రికార్డ్స్ అనే చిన్న స్వతంత్ర లేబుల్ ‘రాపర్స్ డిలైట్’ను విడుదల చేసింది. హిప్‌హాప్‌ను లోకమంతా వినిపించిన తొలి రికార్డు అదే.

ఆ పాటలో ఒక భాగం బ్రాంక్స్ ర్యాపర్ గ్రాండ్‌మాస్టర్ కాజ్ నోటుపుస్తకంలోది. ఆయనకు రచయితగా పేరు దక్కలేదు, డబ్బూ దక్కలేదు. లేబుల్ నడిపింది నల్లవాళ్లే, పాడిందీ నల్లవాళ్లే. అయినా రాసినవాడు బయటే మిగిలిపోయాడు. మనవాళ్లు పెట్టిన సంస్థ కాబట్టి న్యాయం దానంతటదే జరిగిపోతుందని అనుకోవడానికి లేదన్నమాట.

రెండో పాఠం నో లిమిట్ రికార్డ్స్‌ది. న్యూ ఆర్లీన్స్‌లో పేదల ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగిన పెర్సీ మిల్లర్, అంటే మాస్టర్ పి, తాత చనిపోయాక చేతికొచ్చిన 10,000 డాలర్లతో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో రికార్డుల దుకాణం తెరిచాడు. కౌంటర్ వెనక కూర్చొని జనం ఏం కొంటున్నారో నేర్చుకున్నాడు. సొంత క్యాసెట్లను కారు డిక్కీలో పెట్టుకొని ఊరూరా అమ్మాడు. 1996లో ప్రయారిటీ రికార్డ్స్ అనే పెద్ద సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడు పంపిణీ మాత్రమే వాళ్లకు అప్పగించి, మాస్టర్లు తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఆ తర్వాత లేబుల్ వేగంగా పెరిగింది. బీట్లు కట్టే బృందం సంస్థ లోపలే ఉండేది కాబట్టి ఖర్చు తగ్గింది. ఒక కళాకారుడి ఆల్బమ్‌లో మిగతావాళ్లంతా గొంతు కలిపేవారు. ప్రతి ఆల్బమ్ అట్ట లోపల రాబోయే ఆల్బమ్‌ల ప్రకటనలు ఉండేవి. 1998 ఒక్క ఏడాదిలోనే 20కి పైగా ఆల్బమ్‌లు వచ్చాయి. అయితే మరుసటి ఏడాదే ఆ బీట్ల బృందం విడిపోయింది. 2003లో సంస్థ దివాలా పిటిషన్ వేసింది. పాటలు కట్టేవాళ్లు నిలవని చోట లేబుల్ కూడా నిలవదు.

మన దేశంలో

2017లో ఉదయ్ కపూర్, మో జోషి దిల్లీలో ఆజాదీ రికార్డ్స్ మొదలుపెట్టారు. ఆ ఏడాదే పశ్చిమ దిల్లీ తిలక్‌నగర్ కుర్రాడు ప్రభ్ దీప్ ఆల్బమ్ ‘క్లాస్‌-సిఖ్’ వచ్చింది. తర్వాత సీధే మౌత్, శ్రీనగర్ ర్యాపర్ అహ్మర్ లాంటివాళ్లు ఆ గొడుగు కిందకు చేరారు. సినిమాతో, పెద్ద కంపెనీతో సంబంధం లేకుండా రాజకీయం మాట్లాడే పాటలతో కూడా లేబుల్ నడపవచ్చని ఆజాదీ చూపించింది. 2019లో ‘గల్లీ బాయ్’ సినిమా వచ్చాక పెద్ద పెట్టుబడి కూడా ఇటు తిరిగింది. యూనివర్సల్ మ్యూజిక్‌తో కలిసి అమెరికన్ ర్యాపర్ నాస్ సంస్థ మాస్ అపీల్ అదే ఏడాది ఇక్కడ శాఖ తెరిచింది.

దళిత గొంతుల విషయంలో మనం ముందుగా చూడాల్సింది తమిళనాడు వైపు. పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీతకారుడు తెన్మా కలిసి 2017లో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌ను కట్టారు. గానా, ర్యాప్, రాక్ ఒకే వేదిక మీదకు వచ్చాయి. ఆ బృందం నుంచి ఎదిగిన అరివు 2021 మార్చిలో ధీతో కలిసి ‘ఎంజాయ్ ఎంజామి’ పాడాడు. తేయాకు తోటల్లో చాకిరీ చేసిన భూమిలేని కూలీల జ్ఞాపకాల నుంచి వచ్చిన ఆ పాట కోట్ల మందికి చేరింది.

తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద అరివు కనిపించలేదు. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాక అరివుతో విడిగా డిజిటల్ ముఖచిత్రం వచ్చింది. 2022లో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేడుకలో అరివు లేకుండానే ఆ పాట వినిపించింది. పాట ఎవరిదన్న వాదన కళాకారుల మధ్యే రేగింది. 2024 మార్చిలో సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ మరో మాట బయటపెట్టారు. విడుదలై మూడేళ్లయినా మాజ్జా అనే ఆ లేబుల్ నుంచి తమకెవరికీ ఆదాయం అందలేదని ఆరోపించారు. మాజ్జా కూడా స్వతంత్ర సంగీతం పేరుతో వచ్చిన వేదికే. స్వతంత్రం అనే మాట బోర్డు మీద ఉంటే సరిపోదు, ఒప్పందంలో ఉండాలి.

ఇక మన వైపు

తెలుగు నేల మీద ర్యాప్ ఇప్పటికీ హైదరాబాద్ నగరం చుట్టూనే ఎక్కువగా తిరుగుతోంది. రోల్ రైడా, రాహుల్ సిప్లిగంజ్, ‘మియా భాయ్’ రుహాన్ అర్షద్ యూట్యూబ్ నుంచే జనంలోకి వచ్చారు. మన జిల్లాల్లో దానికి సమానంగా నడుస్తున్నది ప్రైవేట్ సాంగ్స్ రంగం. జానపద బాణీ, డీజే బీట్, పల్లెలో తీసిన వీడియో దాని రూపం. ఇందులో దళిత, బహుజన, బంజారా కళాకారులే ప్రాణం. అయితే ఈ రంగంలో సాధారణంగా నడిచే లెక్క ఏకమొత్తం లెక్క. రాసినందుకు ఇంత, పాడినందుకు ఇంత, ఆడినందుకు ఇంత అని ఇచ్చేస్తారు. అక్కడితో సంబంధం తెగిపోతుంది. పాట ఐదేళ్లు మోగినా ఆదాయం మాత్రం చానల్‌దే.

2021లో ‘సారంగ దరియా’ సినిమా పాటగా వచ్చినప్పుడు తాను సేకరించి పాడిన పాట కదా అని వరంగల్ ప్రాంత జానపద గాయని ఒకరు ప్రశ్నించారు. గుర్తింపు, పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తరతరాలుగా జనం నోట ఉన్న పాట మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. కానీ మీరు పాడి చేసిన రికార్డింగ్ మీద, మీ గానం మీద, మీరు కొత్తగా కలిపిన చరణాల మీద హక్కు ఉంటుంది. రికార్డింగ్ లేకపోతే, తేదీ లేకపోతే దాన్ని నిరూపించుకోవడం కష్టం.

అదే ఏడాది ‘భీమ్లా నాయక్’ పాటలో వినిపించిన డక్కలి కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన భవన నిర్మాణం దగ్గర కూలి పనికి వెళ్తున్న వార్త అందరం చూశాం. అదే 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ ప్రకటించారు. గౌరవాలు రావాల్సిందే. అయితే పురస్కారం ఒక్కసారి వస్తుంది. హక్కు ఉంటే నెలనెలా లెక్క వస్తుంది, తర్వాత పిల్లలకూ దక్కుతుంది.

డప్పు చరిత్ర తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఊరి పండుగకూ చావుకూ డప్పు కొట్టడం చాలాకాలం వెట్టిగానే సాగింది. 1994 జూలై 7న ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ జెండాగా ఎత్తింది. కొట్టే చెయ్యి మారలేదు. ఎవరి కోసం, ఎవరి ఆజ్ఞతో కొడుతున్నామన్నది మారింది. ర్యాప్ విషయంలోనూ తేల్చుకోవాల్సింది ఇదే.

చట్టం ఇచ్చిన పట్టు

కాపీరైట్ చట్టం 1957ది. దానికి 2012లో వచ్చిన సవరణ మనకు చాలా అవసరమైనది. సినిమాలో భాగం కాని పాట అయినా సరే, రచయిత, స్వరకర్త తమకు సమానంగా రావాల్సిన రాయల్టీ వాటాను వదులుకుంటూ సంతకం చేసినా అది చెల్లదు. ఆ వాటాను వారసులకు గానీ కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప మరెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అది పరిమితం. గాయకులకు కూడా తమ గానం వాణిజ్యపరంగా వాడితే రాయల్టీ అడిగే హక్కు ఉంది. రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ 1969 నుంచి ఉంది.

యూట్యూబ్ లెక్క కూడా తెలిసి ఉండాలి. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉంటే ప్రకటనల ఆదాయానికి దరఖాస్తు చేయవచ్చు. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానల్‌కు వస్తుంది. ఆ 55 శాతం లోపల ఎవరికెంత అన్నది యూట్యూబ్ చెప్పదు. అది మనమే రాసుకోవాలి.

అలాంటి లేబుల్ కట్టాలంటే

మొదటిది, స్టూడియోలో అడుగు పెట్టకముందే వాటాల కాగితం. రాసినవారు, బీట్ కట్టినవారు, పాడినవారు, డబ్బు పెట్టినవారు ఎవరికెంతో తెలుగులో, ఒక్క పేజీలో రాసి అందరూ సంతకం పెట్టాలి. స్నేహం ఉన్నప్పుడే రాయాలి, తగాదా వచ్చాక రాయలేం.

రెండోది, సంస్థ రూపం. ఒక్కరి పేరు మీద చానల్ ఉంటే ఆ ఒక్కరే దొర అవుతారు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం 10 మంది కలిసి సంఘం పెట్టుకోవచ్చు. పొదుపు సంఘాలు నడిపిన అనుభవం మన అక్కలకు, అమ్మలకు ఉంది. లెక్కల పుస్తకం ఎలా రాయాలో వాళ్ల దగ్గరే నేర్చుకోవచ్చు.

మూడోది, మన ఇంటి లోపలి న్యాయం. చిందు, డక్కలి, బైండ్ల పెద్దల గొంతును, వాద్యాన్ని ఫోన్‌లో పట్టి బీట్ కింద వేసుకొని పేరు వేయకపోతే, కాజ్ నోటుపుస్తకానికి జరిగిందే మనం మన పెద్దలకు చేసినట్టు. అనుమతి, పేరు, వాటా మూడూ వాళ్లకు చెందాలి. పల్లవికి మాత్రమే అమ్మాయిలను పిలిచే అలవాటు పోవాలి. గోర్ బోలీలో రాసే తండా పిల్లలను తెలుగులోకి మారమనకూడదు.

పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. ఒక మైకు, ఒక లాప్‌టాప్, ఒక గది చాలు. విద్యార్థి సంఘాలు, అంబేద్కర్ యువజన సంఘాలు ఏప్రిల్ 14 సభల కోసం ఏటా పాటలు రాయించుకుంటూనే ఉన్నాయి. ఈసారి రాయించే పాట కిందే మొదటి వాటాల కాగితం రాద్దాం. రాసినవాళ్ల పేరు, పాడినవాళ్ల పేరు, కొట్టినవాళ్ల పేరు, తేదీ, సంతకాలు. లేబుల్ అక్కడే మొదలవుతుంది. లోగో తర్వాత వేసుకోవచ్చు.